మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ తగ్గిందేమోనని టెన్షనా? ముందు నడుము కొలవండి, తర్వాత రక్తమివ్వండి

ఈ మధ్య అనంతపురంలో ల్యాబుకు వచ్చే మగవాళ్లలో ఒక రకం బాగా పెరిగారు. కౌంటర్ దగ్గర పక్కనెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి "అన్నా, అదీ... టెస్టో టెస్టు ఎంత?" అంటారు. డాక్టర్ చీటీ ఉండదు. ఫోన్లో ఏదో రీల్ చూసుంటారు, లేదంటే జిమ్‌లో ఎవడో "నీకు టెస్టో తక్కువున్నట్టుంది రా" అనుంటాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడి నుంచి యాభై దాటిన వ్యాపారి దాకా అందరూ ఉన్నారు. టైమేమో సాయంత్రం ఐదు, అప్పుడే బజ్జీలు తిని టీ తాగి వచ్చుంటారు. ఆ టైములో ఇచ్చిన రక్తంలో వచ్చిన నంబర్ చూసుకుని వారం రోజులు నిద్ర పాడు చేసుకుంటారు, నిద్ర పాడైతే ఆ నంబర్ ఇంకా పడుతుందన్న సంగతి రీల్‌లో చెప్పుండరు.

నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. మందులు రాయను, రాయకూడదు కూడా. కానీ రక్తం ఎప్పుడివ్వాలి, రిపోర్టు ఎలా చదవాలి, డబ్బులు ఎక్కడ వృథా అవుతాయి అన్నవి చెప్పగలను. మొదట ఒక్క మాట. నడివయసులో నంబర్ తక్కువొచ్చిన మగవాళ్లలో ఎక్కువమందికి వృషణాల్లో జబ్బేమీ ఉండదు. బొజ్జ, షుగరు, చాలని నిద్ర, మందు తాగడం, ఇవి దాన్ని కిందికి లాగి ఉంటాయి. అంటే ఆ నంబర్ ఒక ఫలితం. నంబర్ని పట్టుకుని లాగితే లాభం లేదు, దాన్ని లాగుతున్నవాటిని వదిలించుకోవాలి.

అసలిది ఎలా తయారవుతుంది?

మెదడు అడుగున పిట్యూటరీ అని చిన్న గ్రంథి ఉంటుంది. దానిపైన ఉండే హైపోథాలమస్ సిగ్నల్ ఇస్తే అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. ఎల్‌హెచ్ పోయి వృషణాల్లోని లేడిగ్ కణాలకు పని చెబుతుంది, అవి కొలెస్ట్రాల్ నుంచి టెస్టోస్టెరాన్ తయారు చేస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల సంగతి చూసుకుంటుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ సరిపడా ఉంటే మెదడు సిగ్నల్ తగ్గించేస్తుంది. మిద్దె మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చూసుంటారు కదా, అచ్చం అదే. ఈ మోటారు సంగతి గుర్తుంచుకోండి, ఇంజెక్షన్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వయసుతో కొంత తగ్గడం మామూలే, ముప్పై, నలభై దాటాక ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున. అది జబ్బు కాదు. నలభై ఐదేళ్ల మనిషి ఇరవై ఏళ్లప్పటి నంబర్ కావాలంటే రాదు, రావాల్సిన అవసరమూ లేదు.

ఎవరు అనుమానపడాలి?

అలసట ఒక్కటే ఉంటే దీని మీదికి పోకండి. అలసటకు రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, బీ12, షుగరు, దిగులు, అప్పులు, ఏదైనా కారణం కావొచ్చు. టెస్టోస్టెరాన్ నిజంగా తక్కువైతే గట్టిగా కనిపించే గుర్తులు మూడు: కోరిక బాగా తగ్గడం, పొద్దున నిద్ర లేచేటప్పుడు వచ్చే స్తంభన అరుదైపోవడం, అంగస్తంభన సరిగా లేకపోవడం. వీటికి తోడు గడ్డం గీసుకోవాల్సిన అవసరం తగ్గడం, రొమ్ములు పెరగడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం ఉంటే ఇక ఆలస్యం చేయకూడదు.

ఇందులో ఒక మెలిక ఉంది. స్తంభన సమస్య ఒక్కటే ఉండి, కోరిక మామూలుగానే ఉంటే, చాలాసార్లు అది హార్మోన్ సంగతి కాదు, రక్తనాళాల సంగతి. అక్కడి నాళాలు గుండె నాళాల కంటే సన్నం, కాబట్టి పూడిక మొదలైతే ముందు అక్కడ తెలుస్తుంది, కొన్నేళ్లకు గుండెలో తెలుస్తుంది. నలభై దాటినవాళ్లు దీన్ని సిగ్గుతో దాచిపెట్టుకుంటే గుండె ముందే ఇచ్చిన హెచ్చరికను చెత్తబుట్టలో వేసినట్టే. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి, సిగరెట్ మానండి.

హస్తప్రయోగం వల్ల టెస్టోస్టెరాన్ అయిపోతుందన్నది అబద్ధం. వీర్యం వేరు, ఈ హార్మోన్ వేరు. ఆ భయాన్ని అమ్ముకునేవాళ్ల రాతలు బస్టాండు గోడల నిండా ఉన్నాయి, వాటి గురించి తర్వాత చెప్తా. చింతపండు తింటే మగతనం పోతుందనేది కూడా మాటే, ఆధారం లేదు. పోయేదే అయితే రాయలసీమలో ఎవరికీ పిల్లలు పుట్టి ఉండకూడదు.

రక్తం ఇచ్చే పద్ధతి

టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి దిగుతుంది. కుర్రాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. అందుకే పొద్దున 7 నుంచి 10 లోపు రావాలి, అదీ పరగడుపున. మంచినీళ్లు తాగొచ్చు. పరగడుపున అని ఎందుకంటున్నానంటే, 75 గ్రాముల గ్లూకోజు తాగించి చూసిన ఒక పరిశోధనలో మగవాళ్ల టెస్టోస్టెరాన్ సగటున నాలుగో వంతు పడిపోయింది. ఉగ్గాని, బజ్జీ తిని, పైన చక్కెర ఎక్కువేసిన టీ తాగి వస్తే రిపోర్టులో మీరు కాదు, మీ టిఫిన్ కనిపిస్తుంది.

రాత్రంతా బెంగళూరు నుంచి బస్సులో కూర్చుని వచ్చి, దిగి నేరుగా ల్యాబుకు రావొద్దు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన పొద్దున కూడా వద్దు. జ్వరం వచ్చి తగ్గిన వారంలో అసలే వద్దు, ఒళ్లు బాగాలేనప్పుడు ఇది పడిపోవడం సహజం. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి, కొన్ని మెషిన్లలో అది రిపోర్టును తారుమారు చేస్తుంది, కనీసం రెండు రోజుల ముందు ఆపమంటాం.

ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదు. తక్కువొస్తే వేరే రోజు పొద్దున ఇంకోసారి చేయించాలి, వీలైతే అదే ల్యాబులో. డాక్టర్లు పాటించే మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది, రెండు పొద్దుటి పరీక్షల్లోనూ తక్కువుండి, లక్షణాలు కూడా ఉంటేనే దాన్ని లోపం అంటారు. లక్షణాలు లేకుండా ఊరికే నంబర్ తక్కువుంటే మందు వేయరు.

ఇక రిపోర్టు. అందరూ తడబడేది యూనిట్ల దగ్గర. కొన్ని ల్యాబులు నానోగ్రాములు పర్ డెసీలీటర్‌లో ఇస్తాయి, కొన్ని నానోగ్రాములు పర్ మిల్లీలీటర్‌లో, ఇంకొన్ని నానోమోల్స్ పర్ లీటర్‌లో. 300, 3, 10.4, ఈ మూడూ ఒకటే. స్నేహితుడికి 420 వచ్చింది, నాకు 4.2 వచ్చింది, నేనింక పనికిరానేమో అని నీరుగారిపోయి వచ్చినవాళ్లున్నారు. నాయనా, ఇద్దరిదీ ఒకటే, చుక్క ఎక్కడుందో చూసుకోండి! లావు లేని ఆరోగ్యవంతులైన కుర్రాళ్లలో 264 నుంచి 916 దాకా (నానోగ్రాములు పర్ డెసీలీటర్‌లో) మామూలు అని ఒక లెక్క, 300 కంటే తక్కువైతే ఆలోచించాలని ఇంకో లెక్క. 350 ఉన్నవాడు 700 ఉన్నవాడి కంటే సగం మగవాడేమీ కాదు, ఆ పరిధిలో ఎక్కడున్నా పర్లేదు.

బాగా లావుగా ఉన్నవాళ్లకు ఇంకొక చిక్కు. రక్తంలో టెస్టోస్టెరాన్‌లో చాలా భాగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌కు అతుక్కుని తిరుగుతుంది, విడిగా ఉండేది సుమారు 2 శాతం. బొజ్జ, షుగరు ఉన్నవాళ్లలో ఆ ప్రొటీన్ తగ్గుతుంది, కాబట్టి మొత్తం నంబర్ తక్కువ కనిపించినా విడిగా ఉండేది సరిపడా ఉండొచ్చు. అది లెక్కేయడం డాక్టర్ పని. తక్కువని తేలితే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ (పిట్యూటరీ వదిలే ఇంకో హార్మోన్) కూడా రాస్తారు, లోపం వృషణాల్లోనా పైన మెదడు దగ్గరా అన్నది వాటితో తెలుస్తుంది. ఎవరి మాటో విని మొదటి రోజే అన్నీ కలిపిన ప్యాకేజీ తీసుకోకండి, నా వ్యాపారానికి నష్టమైనా చెప్తున్నా.

బొజ్జ

దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన దగ్గర అసలు కథ ఇదే. నడుమెంత అని అడిగితే "ముప్పై నాలుగు" అంటారు. అది ప్యాంటు సైజు. బెల్టు బొజ్జ కింద కడతారు కాబట్టి ఇరవై ఏళ్లుగా అదే సైజు పడుతూనే ఉంటుంది. దర్జీ టేపు తీసుకోండి, చొక్కా ఎత్తండి, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఇంచుమించు బొడ్డు ఎత్తులో, చుట్టూ పెట్టండి. ఊపిరి బయటికి వదిలి చదవండి, లోపలికి బిగబట్టి కాదు. అప్పుడు 40 వస్తుంది. మన భారతీయ మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఐదున్నర అంగుళాలు దాటితే బొజ్జ కిందే లెక్క.

పొట్ట కొవ్వు ఊరికే ఉండదు. అందులో ఆరోమాటేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది టెస్టోస్టెరాన్‌ను ఆడ హార్మోన్ ఈస్ట్రడయాల్‌గా మారుస్తుంది. ఆ ఈస్ట్రడయాల్ పోయి మెదడు సిగ్నల్‌ను ఇంకా తగ్గిస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం దీనికి తోడు. టెస్టోస్టెరాన్ తగ్గితే కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది, కొవ్వు పెరిగితే టెస్టోస్టెరాన్ మళ్లీ తగ్గుతుంది. టైప్ 2 షుగరు ఉన్న మగవాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందికి ఇది తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది, అందుకే మీకు షుగరుంటే పౌడర్ డబ్బా కంటే ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే రక్తపరీక్ష) మీద ఖర్చు పెట్టండి.

మంచి సంగతేమిటంటే ఇది వెనక్కి తిరుగుతుంది. ఎంత బరువు తగ్గితే టెస్టోస్టెరాన్ ఆ మేరకు పెరుగుతుంది. 90 కిలోల మనిషి 9 కిలోలు తగ్గితే తేడా రిపోర్టులో కూడా కనిపించొచ్చు. నెలకు రెండు కిలోలు చాలు, తొందరేం లేదు. ఉపవాసాలుండి గబగబా తగ్గితే ఒళ్లు కరువొచ్చిందనుకుంటుంది, అప్పుడు మెదడు ముందు ఆపేది ఈ సిగ్నలే.

నిద్ర, మందు

2011లో చికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న పది మంది కుర్రాళ్లను వారం రోజులు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. వయసు వల్ల అంత తగ్గాలంటే పదేళ్లకు పైగా పడుతుంది, వీళ్లకు వారంలో తగ్గింది. మరి రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూసి ఆరింటికి లేచేవాళ్ల సంగతేంటి?

పెనుకొండ వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లకు, 44వ నంబర్ హైవే మీద లారీలు నడిపేవాళ్లకు ఏడు గంటలు నిద్రపోండి అని చెప్పడం తేలిక, చేయడం కష్టం. చేయగలిగింది చేయండి. నైట్ అయ్యి ఇంటికొచ్చాక గది చీకటి చేసుకుని, ఫోను బయట పెట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పి ఒకే దఫా పడుకోండి, రెండు గంటలు ఇప్పుడు, రెండు గంటలు అప్పుడు అన్నట్టు కాకుండా. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లో గదిలో పడుకోవడం కంటే మిద్దె మీద పడుకుంటేనే నిద్ర పడుతుంది, దోమతెర కట్టుకోండి. గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారని మీ ఆవిడ చెబితే ఆమె మాట వినండి. అది స్లీప్ ఆప్నియా కావొచ్చు, దానికి వైద్యం ఉంది.

మందు గురించి ఎక్కువ చెప్పను. ఎప్పుడో ఒకసారి తాగితే కొంపలేమీ మునగవు. రోజూ క్వార్టర్ పైన తాగితే వృషణాలూ దెబ్బతింటాయి, కాలేయమూ దెబ్బతింటుంది. కాలేయం పాడైన మగవాళ్లకు రొమ్ములు పెరగడం కూడా ఆ హార్మోన్ల గొడవే.

ఇంకొకటి, ఎవరూ అనుమానించనిది: నొప్పి మాత్రలు. ట్రమడాల్ లాంటివి నెలల తరబడి మింగినా, కీళ్లనొప్పికో ఆయాసానికో ఊళ్లో డాక్టరు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు అలవాటుగా వేసుకున్నా టెస్టోస్టెరాన్ పడుతుంది. అయితే స్టెరాయిడ్‌ను మీకు మీరే ఉన్నట్టుండి ఆపకండి, ప్రమాదం. డాక్టర్‌కు చూపించి మెల్లగా తగ్గించుకోండి.

తిండి

టెస్టోస్టెరాన్‌ను పెంచే మాయ తిండి ఏదీ లేదు. లోపం ఉంటే పూడ్చుకోవడం మాత్రం ఉంది. జింకు సంగతి అలాంటిదే. 1950ల చివర్లో ఇరాన్‌లో పనిచేసిన ఆనంద ప్రసాద్ అనే మన భారతీయ మూలాలున్న డాక్టర్, అక్కడి పల్లెల్లో ఎదుగుదల ఆగిపోయి, పెద్దమనిషి లక్షణాలు రాని కుర్రాళ్లను చూసి జింకు లోపం మీద పరిశోధన చేశాడు. వాళ్ల తిండి ఎక్కువగా రొట్టే, అందులోని ఫైటేట్ జింకును ఒంటికి పట్టనివ్వదు. మనదీ ధాన్యం తిండే, అందుకే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కల్లో మగవాళ్లకు రోజుకు 17 మిల్లీగ్రాముల జింకు కావాలని పెట్టారు. లోపం లేనివాడు జింకు మాత్రలు మింగితే మాత్రం ఏమీ పెరగదు, ఎక్కువైతే రాగి లోపం వస్తుంది.

మన ఇంట్లో దొరికేవి చూద్దాం. సంగటి ముద్ద మంచిదే, కానీ పెద్ద ముద్దకు కాస్త చారు తగిలించి తింటే ప్రొటీన్ ఎక్కడిది? ముద్ద సగం చేయండి, పక్కన పప్పో, గుడ్లో, నాటుకోడి పులుసో పెంచండి. మాంసంలో జింకు బాగా ఉంటుంది, ఒంటికి బాగా పడుతుంది. మాంసం తిననివాళ్లకు నువ్వులు, శనగలు, అలసందలు, చెనక్కాయలు. అనంతపురంలో పుట్టి చెనక్కాయలు వదిలేసి బాదంపప్పు కొనుక్కోవడమేంటో నాకర్థం కాదు, 100 గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కాకపోతే అదే 100 గ్రాముల్లో 560 కేలరీలకు పైగా ఉంటాయి, కాబట్టి గుప్పెడు చాలు, చెనక్కాయల ఊరిబిండి దోశకు రెండు గరిటెలు వేసుకుంటే అది లెక్కలోకి రాదనుకోవద్దు. గింజలు నానబెట్టినా, మొలకలెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది. మీల్‌మేకర్ తింటే ఆడ లక్షణాలు వస్తాయని భయపడేవాళ్లకు: మామూలుగా కూరలో తినే సోయాతో మగవాళ్ల టెస్టోస్టెరాన్ తగ్గదని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. నూనె, నెయ్యి పూర్తిగా మానేయడం కూడా మంచిది కాదు.

విటమిన్ డీ తక్కువుంటే సరిచేసుకోండి, ఎముకలకు మంచిది. దాంతో టెస్టోస్టెరాన్ పెరుగుతుందనుకుని మాత్రం వేసుకోకండి.

కసరత్తు

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పొద్దున చుట్లు కొట్టేవాళ్లు మంచిపనే చేస్తున్నారు, కానీ నడక ఒక్కటే చాలదు. కండకు బరువు తగలాలి. వారానికి రెండు మూడు రోజులు గుంజీళ్లు, దండీలు, బరువులెత్తడం, ఇరవై నిమిషాలైనా సరే. బరువులెత్తిన వెంటనే టెస్టోస్టెరాన్ కాస్త పెరిగి గంటలోపే దిగిపోతుంది, దానికోసం కాదు. కండ పెరిగితే షుగరు అదుపులోకి వస్తుంది, నడుము తగ్గుతుంది, అసలు లాభం అక్కడ. పొలం పని చేసేవాళ్లకు విడిగా కసరత్తు అక్కర్లేదు, వాళ్లకు కావలసింది తిండి, నిద్ర. కడుపు మాడ్చుకుని రోజూ రెండు గంటలు విరగబడి పరుగెత్తే కుర్రాళ్లకు, ముఖ్యంగా పోలీసు సెలెక్షన్లకు ప్రిపేర్ అయ్యేవాళ్లకు, ఇది తగ్గుతుంది కూడా. తినండి, వారానికి ఒక రోజు ఆగండి.

పొడులు, లేహ్యాలు, గోడ మీద రాతలు

"ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో" అని రాసుండే డాక్టర్ల దగ్గరికి పోవద్దు. రేపు ఏదైనా అయితే ఆ లాడ్జి ఉంటుంది, ఆయన ఉండడు. ఇలాంటి "పవర్" పొడుల్లో దొంగతనంగా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపిన సంగతి పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. అందుకే మొదటి రోజే "పనిచేసింది" అనిపిస్తుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది తెలియకుండా మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

అశ్వగంధ మీద కొన్ని చిన్న పరిశోధనల్లో టెస్టోస్టెరాన్ కొంచెం పెరిగినట్టు వచ్చింది, కాదనను. కానీ కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి, డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. థైరాయిడ్ మందు వాడేవాళ్లు, కాలేయం బాగాలేనివాళ్లు దాని జోలికి పోకండి. మిగతావాళ్లు వాడితే కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి డాక్టర్‌ను కలవండి.

ఇంజెక్షన్లు

పెళ్లి కాని కుర్రాళ్లు ఇది రెండుసార్లు చదవండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే ట్యాంకులోకి బయటి నుంచి ట్యాంకర్ నీళ్లు పోసినట్టు. ట్యాంకు నిండింది కదా అని మెదడు మోటారు ఆపేస్తుంది, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పడిపోతాయి, వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తయారుకావు. 1990ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం వారం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇచ్చి దాన్ని మగవాళ్లకు గర్భనిరోధకంగా పరీక్షించింది, అది పనిచేసింది కూడా. మగతనం కోసమని మీరు పొడిపించుకునేది అదే! కండలు తిరిగిన మనిషి, పెళ్లై రెండేళ్లైనా పిల్లల్లేరని సెమెన్ అనాలిసిస్‌కు, అంటే వీర్య పరీక్షకు వస్తాడు, మైక్రోస్కోప్ కింద ఒక్క కణం ఉండదు. ఆ స్లైడ్ ఇంకోసారి, ఇంకో చోట చూసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మళ్లీ చూసి, అప్పుడు రిపోర్టులో "నిల్" అని టైపు చేస్తాం. ఆపేస్తే చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో కణాలు తిరిగొస్తాయి, కొందరికి రెండేళ్లు పడుతుంది, ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఎప్పటికన్నది చెప్పలేం.

నిజంగా లోపం ఉన్నవాళ్లకు ఇదే ఇంజెక్షన్, జెల్ మంచి వైద్యమే. పుట్టుకతో వచ్చే క్లైన్‌ఫెల్టర్ (ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువుండే లోపం) ఉన్నవాళ్లు, గవదబిళ్లలు వృషణాలకు దిగి దెబ్బతిన్నవాళ్లు, పిట్యూటరీలో గడ్డ వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకు డాక్టర్ ఇస్తూ మధ్యమధ్యలో పరీక్షలు చేయిస్తారు, రక్తం చిక్కబడుతుందేమోనని హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా), వయసును బట్టి పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పరీక్ష). హెమటోక్రిట్ 54 శాతం దాటితే ఆపుతారు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు వేరే మందులున్నాయి, ఆ మాట మొదటి రోజే చెప్పండి.

ఎవరి దగ్గరికి పోవాలంటే, ముందు జనరల్ ఫిజీషియన్ దగ్గరికి, అక్కడి నుంచి అవసరమైతే హార్మోన్ల డాక్టర్ ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి, పిల్లల సమస్యైతే యూరాలజిస్ట్ దగ్గరికి. తలనొప్పితో పాటు చూపు పక్కల మసకబారడం, రొమ్ము నుంచి పాలలాంటివి రావడం, వృషణంలో గట్టి గడ్డ తగలడం, వీటిలో ఏది ఉన్నా ఈ కసరత్తు, తిండి అంటూ కూర్చోకుండా అదే వారం పోవాలి. మిగతావాళ్లు నడుము కొలత, బరువు ఒక కాగితం మీద రాసుకుని మూడు నుంచి ఆరు నెలలు పైన చెప్పినవి చేసి, అప్పుడు మళ్లీ పొద్దున్నే పరగడుపున రండి. పాత రిపోర్టు వాట్సాప్ ఫొటోగా కాకుండా కాగితమే తెండి, ఫొటోలో యూనిట్లుండే మూల ఎప్పుడూ కత్తిరించి ఉంటుంది.